ఇరవై నాలుగు ఫ్రేముల ఊయల

స్కానింగ్ గది ముందు ఆఖరెవరు అని అడిగితే ముదురెరుపు కోటు ఆవిడ వేలెత్తింది, అంటే ఆవిడ వెనక నేను, ఆవిడకి ముందు ఇంకో నలుగురు, మనిషికి పది నిమిషాలు వేసుకున్నా నా వంతు పది నలభైకి గాని రాదు, ఇప్పుడు తొమ్మిదీ యాభై, పదకొండులోపు నేను సంతకం పెట్టాలి, పెడతానో పెట్టనో ఆ గదిలో తెర మీద కనపడేదాన్ని బట్టి ఉంటుంది, లేదు, దేన్నీ బట్టి ఉండదు, నేను చదువుకున్నదాన్ని, పద్నాలుగేళ్లుగా ఫోన్ ఆటలకి బొమ్మలు వేయిస్తున్నదాన్ని, ఒక బొమ్మకి భయపడితే రేపు స్టూడియోలో ఎవరికి మొహం చూపించను. బల్ల మీద చోటుంది గాని కూర్చోబుద్ధి కాదు. బూట్లకి తొడిగిన నీలం ప్లాస్టిక్ సంచులు చర్ చర్ మంటున్నాయి, ఈ చివర నుంచి ఆ చివరికి ముప్పై నాలుగు అడుగులు, కిటికీ దగ్గరికి వెళ్తే కింద కాలవలో మంచు కరిగిన నీళ్లు, పైన కొండ, మళ్లీ వెనక్కి. కోటు జేబులో ఫోన్ వణికింది. స్టూడియో నుంచి దస్తానేమో అనుకున్నాను, కాదు, ఆటలో నా ఒంటె. రెండు వేల అడుగులయ్యాయట, తల ఊపి కన్ను గీటుతోంది. ఆ ఒక్క కన్ను గీటించడానికి మూడు వారాలు పట్టింది నాకు, మొదట గీటినప్పుడు బజారు రౌడీలా ఉండేది, రెప్ప కాస్త ఆలస్యంగా దించితే మేనమామలా తయారైంది. నడవొద్దంది డాక్టరు. మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు, నడక బాగా తగ్గించమంది. ఊళ్లో జనాన్నంతా నడిపించే ఆటకి ఆర్ట్ డైరెక్టర్‌ని, నన్ను నడవొద్దంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జయావ్ అని మా ఆట పేరు, కాలినడక అని అర్థం. ఫోన్ జేబులో వేసుకుని నువ్వెంత నడిస్తే నీ గుడారం, నీ ఒంటె, నీ గొర్రెలు శీతాకాలపు మకాం నుంచి కొండ మీది పచ్చిక వైపు అంత జరుగుతాయి. దారిలో దొరికిన జీను గాని, కంచు గిన్నె గాని బ్లాక్‌చెయిన్‌లో నీ పేరున ఎక్కుతుంది, అది ఎవరి బీరువాలోనో ఉండే పుస్తకం కాదు, ఎక్కడెక్కడివో వేల కంప్యూటర్లలో ఒకేసారి ఉంటుంది, ఒకసారి ఎక్కిందాన్ని మేం కూడా తుడవలేం. స్టూడియో పెట్టిన దస్తాన్‌కి అదంటే మహా ముద్దు, రాతి మీద గీత అక్కా అంటాడు, నాకంటే మూడేళ్లు చిన్నవాడు, వాడు రాయి ఎప్పుడు చెక్కాడు గనక, రాతి మీద గీతైనా వానకీ గాలికీ అరుగుతుంది, ఇది అరగదు. ప్రోగ్రాములు రాసే రుస్తెమ్ జనవరిలో లెక్కలు తీస్తే దక్షిణాన, షిమ్‌కెంట్ చుట్టుపక్కల ఊళ్లలో, నాలుగువందల పన్నెండు ఫోన్లు ఒకే లయలో నడుస్తున్నాయని తేలింది. మనిషన్నవాడు అలా నడవడు, ఎవరో పలకరిస్తారు, బూటులో రాయి పడుతుంది, ఊరికే నిలబడి ఆకాశం చూస్తాడు. వీళ్లు మాత్రం గంటల తరబడి తడబాటు లేకుండా ఒకే ఊపు. కుక్క మెడకి కట్టారేమో అన్నాడు మా బొమ్మలు కదిలించే గ్లెబ్. కుక్కయితే ప్రతి స్తంభం దగ్గరా ఆగదూ? నాకు మాత్రం రెప్పపాటులో తెలిసిపోయింది. ఊయలకి కట్టి ఊపుతున్నారు! బల్ల చరిచి మరీ చెప్పాను, అందరూ పడీ పడీ నవ్వారు, ఆ నవ్వుల్లోనే శిక్ష కూడా పుట్టింది. దొంగ అడుగుల వాళ్లని ఆటలోంచి తోసెయ్యం, వాళ్ల ఒంటె వీపు మీద ఒక ఖాళీ ఊయల ఎక్కిస్తాం, అది ఊగుతూనే ఉంటుంది, ఎప్పటికీ, తీయడానికి వాళ్లకీ మాకూ వీల్లేకుండా. ముందెవరన్నారు ఆ మాట? దస్తాన్ అనుకుంటాను. కాదు, నేనే. బిడ్డ కోసం ఊపలేదు, ఫోన్ కోసం ఊపావు అని చెప్పాలంటే ఖాళీగానే ఉండాలి అని కూడా అన్నాను. ఇక్కడ ఎవరూ వినడం లేదు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

గ్లెబ్‌ది మంచి చెయ్యి, కాని నగరంలో పుట్టి పెరిగిన రష్యన్ కుర్రాడు, అతని మొదటి ఊయల రెండు తాళ్లకి వేలాడింది. ఇదేంటి నాయనా, పార్కులో పిల్లలెక్కేదా అన్నాను. మాది నేల మీదుంటుంది, కింద రెండు వంకర చెక్కలు, పైన పట్టుకోవడానికి అడ్డకర్ర, ఆ కర్ర పట్టుకుని తోస్తే అటు ఒరిగి ఒక టక్కు, ఇటు ఒరిగి ఒక టక్కు, రెండోది కాస్త మెత్తగా. నాలుగు రోజులు అతని కుర్చీ వెనక నిలబడి ఊపించాను. మొత్తం ఇరవై నాలుగు ఫ్రేములు, చివరిది వెళ్లి మొదటిదానికి అతకాలి, అతుకు కనపడకూడదు. పదమూడో ఫ్రేములో ఒక్క క్షణం నిలవాలి గ్లెబ్, ప్రాణం ఉన్నట్టు నిలవాలి అంటే, ప్రాణం ఎక్కడుంది ఖాళీదేగా అన్నాడు, పాపం అతనికేం తెలుసు. దక్షిణాది వాళ్లవి అద్దాలు పగిలిన ఫోన్లు, ఎండలో చూస్తారు, అందుకని అంచులు మందంగా, పరుపు ఆకుపచ్చ వెల్వెట్, అయినా ఖాళీ అని చప్పున తెలియడం లేదు, అప్పుడు పరుపు మధ్యలో పల్లం పెట్టించాను. బిడ్డ పడుకుని లేచిన పల్లం. ఎంత బాగా వచ్చిందో! నా చేతుల మీదుగా పోయిన వేల బొమ్మల్లో అంత బాగా ఏదీ రాలేదు, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు ఊగి ఉంటుంది అది నా కళ్ల ముందు, సెకనుకి ఒక ఊపు, రోజుకి ఎనిమిది గంటలు, నిమిషానికి అరవై, వద్దు, లెక్క వేయకు కురలాయ్. ఐదో రోజు పొద్దున స్నానాల గదిలో నిలబడి చూస్తే కడుపు పరీక్ష పుల్ల మీద రెండు గీతలు. అంటే ఆ నాలుగు రోజులూ కూడా లోపల ఉంది. నేను ఊపిస్తున్నంతసేపూ ఉంది.

అయిదేళ్ల పిల్లనప్పుడు మా నానమ్మ ఇంట్లో ఒకసారి ఊపాను. పిన్ని బిడ్డని ఎండలోకి తీసుకెళ్లింది, ఊయల ఒక్కటే ఉంది గదిలో, కర్ర నునుపుగా, చేతికి హాయిగా ఉంది. నానమ్మ వచ్చి చేతి మీద ఒక్కటేసింది. ఎవర్నే ఊపుతున్నావు, ఎవర్ని అని అడిగి, అడిగినావిడే లోపలికి తొంగి చూసింది, నిజంగా ఎవరైనా ఉంటారేమో అన్నట్టు. తర్వాత తూ తూ తూ అని మూడుసార్లు ఉమ్మి, నన్ను దగ్గరికి లాక్కుని, ఖాళీ ఊయల ఊపితే బిడ్డకి గండం తల్లీ అంది. దెబ్బ నొప్పి ఎప్పుడో పోయింది, ఆ తొంగి చూపు పోలేదు. పెద్దయ్యాక బొమ్మల కాలేజీలో ఇవన్నీ తమాషాగా చెప్పేదాన్ని, ఉప్పు ఒలకడం, గడపలో నిలబడ్డం, ఇంట్లో ఈల వేయడం, అందరం నవ్వేవాళ్లం. నా మొదటి కడుపు తొమ్మిదో వారంలో పోయింది. అప్పటికే యెర్బోల్ తన పని చోటంతా చాటాడు, మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. రెండోసారి ఇంట్లోవాళ్లకి మాత్రం చెప్పాం, అది పదకొండో వారంలో పోయింది. ఇప్పుడు మళ్లీ పదకొండో వారం. ఈసారి ఎవరికీ చెప్పలేదు, యెర్బోల్ పడమటి చమురు బావుల దగ్గర పదిహేను రోజుల వంతులో ఉన్నాడు, ఫోన్‌లో తిన్నావా అంటాడు, తిన్నానంటాను, కడుపులో వికారాన్ని మింగుకుంటూ. చెప్పకపోవడం కూడా మూఢనమ్మకమేగా. మరి దేన్ని చూసి నవ్వానో ఇన్నాళ్లూ.

నిన్న సాయంత్రం రుస్తెమ్ ఆఖరిసారి చూసుకోమని ఆ నాలుగువందల పన్నెండు పేర్లూ పంపాడు. చూడకపోయినా బాగుండేది. డెబ్భై మూడో వరసలో బాల్జాన్, ఊరి పేరూ వీధి పేరూ మావే. యెర్బోల్ వాళ్లమ్మ, మా అత్తగారు! పొద్దున ట్రాలీబస్సులోంచి ఫోన్ చేశాను.

"అమ్మా, మీరు ఫోన్ ఊయలకి కట్టి ఊపుతున్నారా?"

"ఎవరే చెప్పింది నీకు? ఆ ఎదురింటి ఒరింతాయేనా? దాని కోడలు ఫోన్ కాలికి కట్టుకుని రోజంతా కుట్టుమిషన్ తొక్కుతుంది, అది చెప్పిందా మరి?"

"అది కాదమ్మా, ఖాళీ ఊయల..."

"ఓయ్‌బాయ్! ఖాళీ ఊయల ఊపుతానా నేను? నీకేమైనా మతి పోయిందా? చంటిది లేనప్పుడు రొట్టె పడుకోబెడతానే. దుప్పటి కూడా కప్పుతాను."

"నడవొచ్చు కదమ్మా."

"నడుస్తాను. మోకాళ్లు నువ్వు పంపించు, రేపట్నించే నడుస్తాను." గొంతు తగ్గించి, "ఆ ఒంటె నాకేసి కన్ను గీటుతుంటే చూడ్డానికేనే ఇదంతా. మా కోడలే వేసిందని వీధి వీధంతా చెప్పాను" అంది.

మధ్యాహ్నం నుంచి ఆ ఒంటె వీపు మీద ఏముంటుందో చెప్పలేకపోయాను. రెండోది పోయినప్పుడు ఆవిడ ఒక్క మాట అనలేదు నన్ను, ఓదార్పు మాట కూడా అనలేదు, అటకమీదున్న ఆ ఊయలని దింపి, తుడిచి, మొహం గోడకి తిప్పి మళ్లీ పైన పెట్టింది, మా ఆడపడుచుకి బిడ్డ పుట్టేదాకా అటే తిరిగి ఉంది అది. ఆవిడ పేరొక్కటి జాబితాలోంచి తీసేస్తే? రుస్తెమ్‌తో మా అత్తగారు అంటే నవ్వి తీసేస్తాడు, అర నిమిషం పని. మిగతా నాలుగువందల పదకొండు మందికి స్టూడియోలో కోడళ్లు లేరు. వాళ్లందరూ రొట్టెలు పడుకోబెడుతున్నారేమో, ఎవరికి తెలుసు, లెక్కల్లో రొట్టె కనపడదుగా.

"కూర్చో అమ్మాయ్," అంది ముదురెరుపు కోటు ఆవిడ, "నీ తిరుగుడికి నా కడుపులో వాడికి కళ్లు తిరుగుతున్నాయి."

"కాళ్లు లాగుతున్నాయండీ, అందుకని."

"ఎన్నో నెల?"

"నెలేం లేదు, ఊరికే పరీక్షకి."

ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "చెప్పకులే. అదే మంచిది. ఆరో నెల దాకా నేను మా ఆయనకే చెప్పలేదు. లావెక్కావన్నాడు వెధవ."

నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్లీ నడవసాగాను. ఫోన్ వణికింది, ఈసారి దస్తానే. అక్కా, మా ఇద్దరివీ పడ్డాయి, నీదొక్కటే మిగిలింది. బ్లాక్‌చెయిన్‌లోకి ఏ బొమ్మ ఎక్కాలన్నా మూడు సంతకాలు పడాలి, దస్తాన్‌ది, రుస్తెమ్‌ది, నాది, ఎవరిది పడిందో మూడూ పడేదాకా తెర మీద కనపడదు, ఒకరిని చూసి ఒకరు పెట్టకూడదని దస్తానే అలా పెట్టించాడు. సంతకమంటే ఏముంది, బొటనవేలు అద్దం మీద ఆనించడం. తెరిచి చూశాను. ఊగుతోంది. టక్కు, టక్కు, రెండోది మెత్తగా. మూసేశాను. ఎన్ని ఊపులు ఊగిందో ఆ కాస్తలో. అప్పుడొచ్చింది ఆ ఆలోచన, నాదే, బయటివాళ్లెవరూ నా చెవిలో ఊదలేదు. లోపలిది ఇప్పటికే ఆగిపోయి ఉంటే సంతకం పెట్టడానికి అడ్డేముంది? పోగొట్టుకోవడానికి ఏమీ లేనిదానికి భయం దేనికి, వేలు ఆనించి, కోటు తొడుక్కుని, స్టూడియోకి వెళ్లి అందరితో పాటు టీ తాగొచ్చు. ఛీ, ఏం తల్లినే నేను? ఆ చివర కిటికీ, ఈ చివర తలుపు, ముప్పై నాలుగు, ముప్పై నాలుగు. ముదురెరుపు కోటు లేచి లోపలికి వెళ్లింది, బయటికొచ్చి వెళ్తూ నా భుజం తట్టింది, అప్పుడే నా పేరు పిలిచారు.

తెచ్చుకున్న తువ్వాలు బల్ల మీద పరిచి పడుకున్నాను, జిగురు చల్లగా తగిలింది, డాక్టరు మాట్లాడదు, మాట్లాడని డాక్టర్లు నాకు కొత్త కాదు, పోయిన రెండుసార్లూ ఇలాగే చాలాసేపు మాట్లాడకుండా తర్వాత కుర్చీ తిప్పారు. ఈవిడ కుర్చీ ఇంకా తిప్పలేదు. తెర నా వైపు కొద్దిగా ఒరిగి ఉంది, ఎంత పాడు తెర, అంతా బూడిద, అంచులు లేవు, వెలుగూ చీకటీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, ఇది నా దగ్గరికొస్తే వెనక్కి పంపేదాన్ని, చూసేవాడి కన్ను ఎక్కడికి పోవాలో తెలియడం లేదని రాసేదాన్ని. కాని నా కన్ను పోయింది. మధ్యలో, గింజంత చోట, ఏదో మినుకుమంటోంది. అలవాటు కొద్దీ అతుకు కోసం చూశాను, ఎక్కడ ముగిసి ఎక్కడ మళ్లీ మొదలవుతుందో, ఇన్ని ఫ్రేముల తర్వాత మొదటి ఫ్రేము రావాలి కదా అని, రాలేదు, అతుకు లేదు, ప్రతి మినుకూ కొత్తగా పడుతోంది.

"కొట్టుకుంటోంది," అంది డాక్టరు, "వారాలకి తగ్గట్టే ఉంది. ఏడవకమ్మా, నీ పొట్ట కదిలితే నాకు కొలత రాదు."

పదీ యాభై రెండుకి బయటికొచ్చాను. గుండె కొట్టుకుంటోందని తెలిస్తే పీడ వదులుతుందనుకున్నాను, ఇదిగో అంతా వట్టిదే అని నవ్వుకుంటూ వేలు ఆనిస్తాననుకున్నాను. వదల్లేదు సరికదా రెట్టింపైంది. లేనప్పుడు ధైర్యం, ఉన్నప్పుడు భయం, ఇంతేనా నా చదువు? ఇంతే. ఆ నాలుగువందల పన్నెండు ఇళ్లలో కూడా ఊయల ఉందంటే బిడ్డ ఉందనేగా. పాలిచ్చేటప్పుడు ఒక చేత్తో ఫోన్ తెరుస్తారు, అక్కడ ఊగుతుంటుంది, నేను పెట్టించిన పల్లంతో, తుడవడానికి లేకుండా. ఒక్కరైనా తొంగి చూడకుండా ఉంటారా మా నానమ్మలా? ఫోన్ మోగింది.

"అక్కా, ఎనిమిది నిమిషాలుంది. నీదొక్కటే."

"పెట్టను దస్తాన్."

"ఏమైంది? రంగు నచ్చలేదా? గ్లెబ్ నా పక్కనే ఉన్నాడు, ఇప్పుడే మార్చేస్తాడు."

కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి, దక్షిణాది వాళ్లు ఆట వదిలేస్తారని, పత్రికల వాళ్లు ఉతికి ఆరేస్తారని, అన్నీ నిజాలే, పొద్దుట్నించీ పేర్చుకుంటున్నవే. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఖాళీ ఊయల ఊపకూడదు."

"అక్కా, నువ్వేనా మాట్లాడేది?"

"నేనే. నాకు కడుపు. పదకొండో వారం. ఇంతకు ముందు రెండు పోయాయి. నాకు భయంగా ఉంది దస్తాన్."

బల్ల మీద ఆడవాళ్లందరూ తలలు తిప్పారు. యెర్బోల్‌కి చెప్పలేదు, వాళ్లమ్మకి చెప్పలేదు, మొదట చెప్పింది వీడికి, అదీ ఆసుపత్రి నడవాలో, అరిచినట్టు. అవతల తలుపు మూసిన చప్పుడు, మెట్ల మీదికి వచ్చినట్టున్నాడు, గొంతు మారింది.

"నేనూ పెట్టలేదక్కా."

"మా ఇద్దరివీ పడ్డాయన్నావుగా?"

"రుస్తెమ్ పెట్టానని చెప్పాడు. నువ్వు పెడితే నేనూ పెడదామని చూస్తున్నా. మావాడికి నాలుగో నెల కదా. నిన్న మా ఆవిడ ఆ బొమ్మ చూసి ఫోన్ నా మొహాన కొట్టింది. పల్లెటూరి మొద్దువి అన్నాను దాన్ని."

"మరి నాతో పెట్టించడం దేనికిరా?"

"నువ్వు పెడితే నాకూ ధైర్యం వస్తుందని."

తిట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను, వాడూ నవ్వాడు, చాలా రోజులకి చిన్న కుర్రాడిలా నవ్వాడు, ఆరోగ్యం చూసుకో అక్కా, నేను చూసుకుంటాగా అని పెట్టేశాడు. చూసుకున్నాడు కూడా. పదకొండు కొట్టగానే స్టూడియో నలభై మందికీ, ఈ ఆటలో డబ్బు పెట్టి ఎక్కడెక్కడో కూర్చున్న పెద్దవాళ్లకీ కలిపి రాశాడు. ఊయల బొమ్మ ఈసారి విడుదల కావడం లేదు, ఆర్ట్ డైరెక్టర్ ఒక మూఢనమ్మకం కారణంగా సంతకం చేయలేదు, ఆమె నిర్ణయాన్ని గౌరవిద్దాం. గౌరవిద్దామట! తన సంతకం ఊసే లేదు. వరసగా పడ్డాయి కింద, రుస్తెమ్ పడీ పడీ నవ్వుతున్న పసుపు మొహాలు మూడు, ఎవరో తావీదు బొమ్మ పెట్టారు, ఇంకెవరో ఇది ఏ శతాబ్దం అని అడిగారు, గ్లెబ్ ఒక్క ప్రశ్నార్థకం, ఆ కుర్రాడి నాలుగు రోజుల కష్టం. ఒళ్లు మండిపోయింది. దస్తాన్ కూడా పెట్టలేదు అని రాశాను. వాడి నాలుగు నెలల పిల్లవాడు గుర్తొచ్చాడు, ఫోన్ విసిరిన వాళ్లావిడ గుర్తొచ్చింది, తుడిచేశాను. దక్షిణ ప్రాంత ఆటగాళ్ల మనోభావాల దృష్ట్యా అని మొదలుపెట్టాను, సగం రాసి అదీ తుడిచేశాను. నిలబడి, ఇంకేమీ ఆలోచించకుండా ఇది రాసి పంపాను: "అవును, భయపడ్డాను. గ్లెబ్, నువ్వు చాలా బాగా వేశావు. అందుకే."